లినక్స్‌లో లిబ్రెఆఫీస్: ఏ దారిలో ఇన్‌స్టాల్ చేస్తే ఏ తంటా, ఎవరికి ఏది మేలు

రాతకు, లెక్కల పట్టికలకు, స్లైడ్‌లకు వాడే ఉచిత ఆఫీస్ సూట్ లిబ్రెఆఫీస్. అది ఇన్‌స్టాల్ కాకపోవడానికి, అయినా తెరుచుకోకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఒకటే. ఒకే మెషీన్‌లో రెండు మూడు చోట్ల నుంచి తెచ్చిన ప్యాకేజీలు కలిసిపోయి ఉంటాయి. డిస్ట్రోతో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకంతో) వచ్చిన కాపీ ఒకటి, పీపీఏ (ఉబుంటుకు బయటి నుంచి కలుపుకునే ప్యాకేజీల నిల్వ) నుంచి వచ్చిన సగం ప్యాకేజీలు, వెబ్‌సైట్ నుంచి దించుకున్న డెబ్ ఫైళ్లు (డెబియన్, ఉబుంటు కుటుంబం ఇన్‌స్టలేషన్ ఫైళ్లు) ఇంకొన్ని. రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టే. అందుకే ఎర్రర్ మెసేజ్ పట్టుకుని వెతికే ముందు ఏ దారిలో ఇన్‌స్టాల్ చేయాలో తేల్చుకోవాలి. దారి తెలిస్తే అందులో ఎదురయ్యే చిక్కులు కూడా చాలావరకు ముందే తెలుస్తాయి.

తొందరలో ఉన్నవాళ్లకు మా సలహా ముందే చెప్పేస్తాం. రోజువారీ పనికి డిస్ట్రో రిపాజిటరీలో (డిస్ట్రో తనే నడిపే ప్యాకేజీల నిల్వలో) ఉన్నదే వాడండి. కొత్త వెర్షన్ తప్పనిసరైతే ఫ్లాట్‌పాక్ (వేర్వేరు డిస్ట్రోల్లో పనిచేసే ప్యాకేజీ పద్ధతి) తీసుకోండి. పాతదాన్ని కదపకుండా పక్కనే ఇంకో వెర్షన్ పరీక్షించాలంటే అధికారిక డెబ్ లేదా ఆర్‌పీఎమ్ (ఫెడోరా లాంటి డిస్ట్రోలవి) ఫైళ్లు. మరో రెండు ప్యాకేజీ పద్ధతులైన స్నాప్, యాప్‌ఇమేజ్ ప్రత్యేక అవసరాలకు మాత్రమే.

ఇక్కడ కమాండ్లను తెలుగు లిపిలో రాశాం. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. పెద్ద అక్షరాలు అవసరమైన చోట విడిగా చెప్పాం.

ముందుగా చూసుకోవాల్సినవి

‘యునేమ్ -ఎమ్’ కొడితే ప్రాసెసర్ రకం కనిపిస్తుంది. ఇంటెల్, ఏఎమ్‌డీ మెషీన్లలో ఎక్స్86_64 అని, రాస్ప్‌బెర్రీ పై లాంటి ఆర్మ్ బోర్డుల్లో ఏఆర్క్64 అని వస్తుంది. ఒకదానికి తయారైన ఫైలు రెండో దానిలో పనిచేయదు. డెబ్ అయితే ఆర్కిటెక్చర్ సరిపోలడం లేదని డీపీకేజీ (డెబ్ ఫైళ్లను ఇన్‌స్టాల్ చేసే టూల్) వెంటనే ఆపేస్తుంది. యాప్‌ఇమేజ్ అయితే ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ వస్తుంది. 32 బిట్ పాత మెషీన్లకు లినక్స్ కోసం అధికారికంగా తయారైన చివరి వరుస 6.2. అలాంటి మెషీన్‌లో డిస్ట్రో ఇచ్చే ప్యాకేజీ తప్ప వేరే గతి లేదు.

తర్వాత ‘డీఎఫ్ -హెచ్’తో రూట్ పార్టిషన్‌లో ఖాళీ చూడండి. పూర్తి సూట్‌కు సుమారు ఒకటిన్నర జీబీ కావాలి. ఫ్లాట్‌పాక్ అయితే రన్‌టైమ్ (అప్లికేషన్లు పంచుకునే లైబ్రరీల మూట) కోసం ఇంకొంత పడుతుంది. డిస్క్ మధ్యలో నిండిపోతే ప్యాకేజీ సగం విప్పుకుని ఆగిపోతుంది. ఆ తర్వాత ఏ కమాండ్ ఇచ్చినా ‘డీపీకేజీ అంతరాయం పొందింది’ అనే మెసేజే వస్తుంది. స్థలం ఖాళీ చేసి ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’ ఇస్తే సగంలో ఆగిన పని పూర్తవుతుంది.

చివరిగా, ఇప్పటికే ఏముందో కనుక్కోండి. ‘విచ్ -ఏ ఎస్ఆఫీస్’, ‘ఫ్లాట్‌పాక్ లిస్ట్’, ‘స్నాప్ లిస్ట్’ వరసగా ఇచ్చి (ఎస్ఆఫీస్ అంటే లిబ్రెఆఫీస్‌ను నడిపే కమాండ్), రూట్ కింద ఓపీటీ ఫోల్డర్‌లో లిబ్రెఆఫీస్ పేరుతో ఏదైనా ఉందేమో చూడండి. ఒకటికి మించి కనిపిస్తే చాలా తంటాలకు జవాబు అక్కడే దొరుకుతుంది.

డిస్ట్రో రిపాజిటరీ

డెబియన్, ఉబుంటు కుటుంబంలో ‘సుడో ఏపీటీ అప్‌డేట్’, ఆ తర్వాత ‘సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ లిబ్రెఆఫీస్’. ఫెడోరాలో డీఎన్ఎఫ్, ఓపెన్‌సూసెలో జిప్పర్. ఆర్చ్‌లో లిబ్రెఆఫీస్-ఫ్రెష్, లిబ్రెఆఫీస్-స్టిల్ అని రెండు ప్యాకేజీలు ఉంటాయి. అవి కలిసి ఉండలేవు కాబట్టి ఒకటే ఎంచుకోవాలి. ఉబుంటు 23.10 నుంచి డిఫాల్ట్ ఇన్‌స్టలేషన్‌లో ఆఫీస్ సూట్ రావడం లేదు. కొత్తగా ఉబుంటు వేసుకున్నాక లిబ్రెఆఫీస్ కనిపించకపోతే అది లోపం కాదు, మీరు ఇన్‌స్టాల్ చేసుకోవాలంతే.

ఈ దారిలో డిపెండెన్సీలు (ఒక ప్యాకేజీకి అవసరమయ్యే ఇతర ప్యాకేజీలు), డెస్క్‌టాప్ థీమ్, ప్రింటర్లు, సెక్యూరిటీ అప్‌డేట్లు అన్నీ ఒకే చోట కుదురుకుంటాయి. పైథాన్‌తో యూఎన్ఓ (లిబ్రెఆఫీస్‌ను బయటి ప్రోగ్రామ్ నుంచి నడిపే పద్ధతి) స్క్రిప్టులు రాసేవాళ్లకు ఇదే సరైన దారి. పైథాన్3-యూఎన్ఓ ప్యాకేజీ సిస్టమ్ పైథాన్‌తో నేరుగా కలిసి పనిచేస్తుంది. పీపీఏ తప్ప మిగతా దారుల్లో ఆ సౌకర్యం ఉండదు.

వెర్షన్ పాతది కావడం దీని లోటు. ఉబుంటు 22.04లో 7.3, డెబియన్ 12లో 7.4, ఉబుంటు 24.04లో 24.2, డెబియన్ 13లో 25.2 ఉన్నాయి. 7 నుంచి 24కు గెంతినట్టు కనిపించినా మధ్యలో ఏమీ పోలేదు. 2023లో వచ్చిన 7.6 తర్వాతి విడుదలకు సంవత్సరం, నెల ప్రకారం 24.2 అని పేరు పెట్టారు. పైగా డిస్ట్రోలు సెక్యూరిటీ ప్యాచ్‌లను పాత వెర్షన్‌కే కలుపుతుంటాయి. వెర్షన్ అంకె చిన్నదైనంత మాత్రాన ప్రమాదం ఉన్నట్టు కాదు. మీకు కావాల్సిన ఫీచర్ లేకపోతేనో, ఫలానా డాక్స్ (మైక్రోసాఫ్ట్ వర్డ్) ఫైలు పాత వెర్షన్‌లో చెదిరిపోతుంటేనో మాత్రమే కొత్తదాని కోసం వెళ్లండి.

ఇక్కడ తగిలే చిక్కులు నాలుగు రకాలు.

లాక్ దొరకలేదన్న ఎర్రర్ వస్తే, వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తోందని అర్థం. అయిదు పది నిమిషాలు ఆగండి. లాక్ ఫైలును చెరిపేయమని చాలా చోట్ల సలహా ఇస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. రెండు ప్రోగ్రాములు ఒకేసారి ప్యాకేజీ డేటాబేస్‌లో రాస్తే మిగిలేది పాడైన డేటాబేసే. ఎంతసేపటికీ లాక్ వదలకపోతే ఒకసారి రీబూట్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

డిపెండెన్సీలు తీరలేదన్న ఎర్రర్‌కు దాదాపు ఎప్పుడూ కారణం బయటి రిపాజిటరీయే. లిబ్రెఆఫీస్ ప్యాకేజీలు ఒకదాన్నొకటి సరిగ్గా అదే వెర్షన్‌లో కోరుకుంటాయి. కోర్ ఒక వెర్షన్, రైటర్ ఇంకో వెర్షన్ అయితే ఒప్పుకోవు. ‘ఏపీటీ పాలసీ లిబ్రెఆఫీస్-కోర్’ ఇస్తే ఏ వెర్షన్ ఎక్కడి నుంచి వచ్చిందో వరసగా కనిపిస్తుంది. ముందు ‘సుడో ఏపీటీ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’ ఇచ్చి చూడండి. తీరకపోతే బయటి రిపాజిటరీని తీసేయాలి. అదెలాగో పీపీఏ దగ్గర చెప్పాం.

మూడోది జావా. రైటర్, క్యాల్క్, ఇంప్రెస్‌ల మామూలు పనికి జావా అక్కర్లేదు. బేస్‌లో పాత పద్ధతి డేటాబేస్‌లు, కొన్ని విజార్డులు, కొన్ని ఎక్స్‌టెన్షన్లు మాత్రం జావా లేకపోతే కదలవు. ‘డిఫాల్ట్-జేఆర్ఈ’, ‘లిబ్రెఆఫీస్-జావా-కామన్’ ప్యాకేజీలు వేసి, టూల్స్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ పేజీలో ఆ జావాను ఎంచుకుని లిబ్రెఆఫీస్‌ను మూసి తెరవాలి.

నాలుగోది రూపం. మెనూలు ఇరవై ఏళ్ల కిందటి వాటిలా బూడిద రంగులో కనిపిస్తే డెస్క్‌టాప్‌తో కలిపే ప్యాకేజీ లేదని అర్థం. గ్నోమ్ లాంటి డెస్క్‌టాప్‌లకు ‘లిబ్రెఆఫీస్-జీటీకే3’, కేడీఈకి ‘లిబ్రెఆఫీస్-ప్లాస్మా’ వేయాలి. రైటర్ ఒక్కటే విడిగా ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లకు ఇది తరచూ ఎదురవుతుంది.

రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10లో ఈ దారే లేదు. ఆఫీస్ సూట్‌ను తమ డిస్ట్రోలో ఇక ఇవ్వబోమని రెడ్‌హ్యాట్ 2023లోనే ప్రకటించింది. ఆ సిస్టమ్‌లో ఫ్లాట్‌పాక్ వైపు వెళ్లడం నయం.

పీపీఏ

ఉబుంటు వాళ్లకు లిబ్రెఆఫీస్ పీపీఏ ఒకటుంది. అది డిస్ట్రో ప్యాకేజీల స్థానంలోనే కొత్త వెర్షన్‌ను తెస్తుంది. థీమ్, యూఎన్ఓ అన్నీ యథాతథంగా పనిచేస్తాయి. ఆ మేరకు మంచిదే.

ఉబుంటును తర్వాతి విడుదలకు అప్‌గ్రేడ్ చేసేటప్పుడే ఇది ఇబ్బంది పెడుతుంది. అప్‌గ్రేడర్ బయటి రిపాజిటరీలన్నిటినీ ఆపేస్తుంది. మీ దగ్గరున్న లిబ్రెఆఫీస్ వెర్షన్ కొత్త ఉబుంటులో ఉన్నదానికంటే పైది కావచ్చు. అప్పుడు ఏపీటీ దాన్ని కిందికి దించదు, పైకీ తీసుకెళ్లలేదు. కొత్తగా ఏ విడిభాగం వేయబోయినా డిపెండెన్సీ ఎర్రరే. దీనికి మందు ‘పీపీఏ-పర్జ్’ అనే చిన్న టూల్. దాన్ని ఇన్‌స్టాల్ చేసి పీపీఏ పేరు ఇస్తే, అందులోంచి వచ్చిన ప్యాకేజీలన్నిటినీ డిస్ట్రో వెర్షన్‌కు దించి రిపాజిటరీని తీసేస్తుంది. అప్‌గ్రేడ్ మొదలుపెట్టే ముందే ఈ పని చేసుకుంటే తర్వాత తిప్పలు ఉండవు.

ఫ్లాట్‌పాక్

కొత్త వెర్షన్ కావాలి, డిస్ట్రో ప్యాకేజీలు చెదరకూడదు అనుకునేవాళ్లకు ఇదే మా ఎంపిక. ఫ్లాట్‌పాక్ తనకు కావాల్సిన లైబ్రరీలను తనే తెచ్చుకుంటుంది కాబట్టి సిస్టమ్‌తో గొడవ పడదు.

ముందు ఫ్లాట్‌పాక్ ప్యాకేజీ వేయాలి. తర్వాత ఫ్లాట్‌పాక్ అప్లికేషన్లు దొరికే ఫ్లాట్‌హబ్ సైట్ సెటప్ పేజీలో మీ డిస్ట్రోకు చెప్పిన రిమోట్-యాడ్ కమాండ్ ఇవ్వాలి. ఆపై ‘ఫ్లాట్‌పాక్ ఇన్‌స్టాల్ ఫ్లాట్‌హబ్ ఓఆర్‌జీ.లిబ్రెఆఫీస్.లిబ్రెఆఫీస్’. ఈ పేరులో చివరి పదానికి మాత్రమే ఎల్, ఓ పెద్ద అక్షరాలు. మధ్య పదమంతా చిన్న అక్షరాలే. ఇది తప్పితే ‘ఏదీ దొరకలేదు’ అంటుంది.

ఇన్‌స్టాల్ అయ్యాక మెనూలో ఐకాన్ కనిపించకపోతే కంగారు పడకండి. ఫ్లాట్‌పాక్ కొత్తగా వేసినప్పుడు దాని అప్లికేషన్ల ఫోల్డర్ సెషన్‌కు తెలిసేది మళ్లీ లాగిన్ అయ్యాకే. లాగౌట్ చేసి రండి. మొదటిసారి డౌన్‌లోడ్ పెద్దదిగా ఉంటుంది, ఎందుకంటే రన్‌టైమ్ కూడా దిగుతుంది. అదే రన్‌టైమ్‌ను వాడే ఇతర అప్లికేషన్లు తర్వాత వేస్తే మళ్లీ దించుకోదు.

మెనూలు మీ భాషలో రాకపోతే, ఫ్లాట్‌పాక్ సిస్టమ్ భాషకు చెందిన ఫైళ్లనే దించుకుందని అర్థం. ‘ఫ్లాట్‌పాక్ కాన్ఫిగ్ --సెట్ లాంగ్వేజెస్’ అని రాసి, కావాల్సిన భాషల కోడ్‌లను సెమీకోలన్‌తో విడదీసి కోట్స్‌లో ఇవ్వండి. తర్వాత ‘ఫ్లాట్‌పాక్ అప్‌డేట్’ నడిపితే ఆ భాషలు దిగుతాయి.

శాండ్‌బాక్స్ (అప్లికేషన్‌ను మిగతా సిస్టమ్ నుంచి వేరుగా ఉంచే కంచె) వల్ల వచ్చే పరిమితి ఒకటుంది. బయటి ప్రోగ్రామ్‌తో మాట్లాడే ఎక్స్‌టెన్షన్లు, రెఫరెన్సులు చేర్చే టూళ్ల వంటివి, ఇక్కడ మొరాయించవచ్చు. సిస్టమ్‌లో వేసిన జావా, పైథాన్‌లను కూడా ఇది వాడుకోదు. మీ పని వాటి మీద ఆధారపడి ఉంటే డిస్ట్రో ప్యాకేజీకే కట్టుబడండి.

అధికారిక డెబ్, ఆర్‌పీఎమ్ ఫైళ్లు

లిబ్రెఆఫీస్ సైట్ నుంచి దిగే టార్ ఫైలును విప్పితే డెబ్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. దాని పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అందులోకి వెళ్లి ‘సుడో డీపీకేజీ -ఐ *.డెబ్’ ఇస్తే అన్నీ ఒకేసారి ఎక్కుతాయి. ఒక్కొక్కటిగా డబుల్ క్లిక్ చేస్తే మాత్రం ఒకదానికొకటి ఆధారం కాబట్టి మొదటిదే ఆగిపోతుంది. భాషా ప్యాక్, హెల్ప్ ప్యాక్ విడి టార్ ఫైళ్లు. ముందు ప్రధానమైనది వేశాకే వాటిని వేయాలి, వెర్షన్ అక్షరం పొల్లుపోకుండా అదే అయి ఉండాలి.

టార్ విప్పేటప్పుడు ‘జీజిప్ ఫార్మాట్‌లో లేదు’ అనో, ‘ఫైలు అర్ధంతరంగా ముగిసింది’ అనో వస్తే డౌన్‌లోడ్ సగంలో తెగి ఉంటుంది. సైట్‌లో ఇచ్చిన చెక్‌సమ్‌తో (ఫైలు సరిగ్గా దిగిందో చూసే సంకేతంతో) ‘షా256సమ్’ ఫలితాన్ని పోల్చి, తేడా ఉంటే మళ్లీ దించుకోండి.

ఈ దారిలో సూట్ అంతా ఓపీటీ ఫోల్డర్‌లో వెర్షన్ పేరుతో కూర్చుంటుంది. ఉదాహరణకు లిబ్రెఆఫీస్24.8. దాన్ని నడిపే కమాండ్‌కు కూడా అదే పేరు. డిస్ట్రో కాపీ ‘లిబ్రెఆఫీస్’ అనే పేరుతో అలాగే ఉంటుంది. రెండు వెర్షన్లను పక్కపక్కన ఉంచుకోవడానికి ఇంతకంటే తేలికైన దారి లేదు.

ఒక మెలిక మాత్రం చాలామందిని తికమక పెడుతుంది. ఈ రెండు కాపీలూ యూజర్ ప్రొఫైల్ కోసం ఒకే ఫోల్డర్‌ను వాడుకుంటాయి. అది హోమ్‌లో .కాన్ఫిగ్ కింద లిబ్రెఆఫీస్, దానిలో 4 అనే ఫోల్డర్. వెర్షన్ ఎంత మారినా ఆ 4 మారదు. డిస్ట్రో కాపీ తెరిచి ఉండగా కొత్తదాన్ని నడిపితే, అది ముందే నడుస్తున్నదానికి పని అప్పజెప్పి మూసుకుంటుంది. మీ కంటికి కొత్తది ఇన్‌స్టాల్ కానట్టే కనిపిస్తుంది. పరీక్షించేటప్పుడు కమాండ్ చివర ‘-ఈఎన్‌వీ:యూజర్‌ఇన్‌స్టలేషన్=ఫైల్:///టీఎమ్‌పీ/పరీక్ష’ లాంటి ఆప్షన్ ఇస్తే దానికి వేరే ప్రొఫైల్ ఏర్పడుతుంది. యు, ఐ పెద్ద అక్షరాలు, ఫైల్ తర్వాత మూడు స్లాష్‌లు. చివరి ఫోల్డర్ పేరు మీ ఇష్టం.

రెండో ఇబ్బంది లైబ్రరీలది. సిస్టమ్ లైబ్రరీల అవసరాన్ని ఈ డెబ్ ఫైళ్లు చాలా మటుకు ముందుగా చెప్పవు. ఇన్‌స్టలేషన్ సాఫీగా సాగి, నడపబోయినప్పుడు ‘లిబ్‌ఎక్స్‌ఇనెరామా తెరవలేకపోయాం’ అని ఎర్రర్ వస్తుంది. డెస్క్‌టాప్ లేని మినిమల్ సిస్టమ్‌లలో ఇది దాదాపు ఖాయం. డెబియన్ కుటుంబంలో ‘లిబ్‌ఎక్స్‌ఇనెరామా1’ వేయాలి. అది తీరాక ఇంకోదాని పేరు చెబుతుంది. ఒక్కొక్కటిగా తిరిగే బదులు, ఓపీటీలోని ప్రోగ్రామ్ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్ల మీద ‘ఎల్‌డీడీ’ నడిపి ‘నాట్ ఫౌండ్’ అని వచ్చిన లైన్లు ఏరుకుంటే లేనివన్నీ ఒకేసారి బయటపడతాయి.

ఈ కాపీ తనంతట తాను అప్‌డేట్ కాదు. 24.8 మీద 25.2 వేస్తే పాతది పోదు, ఓపీటీలో రెండూ స్థలం తింటూ ఉంటాయి. తీసేయడానికి ‘సుడో ఏపీటీ పర్జ్’ తర్వాత ‘లిబ్రెఆఫీస్24.8*’, ‘లిబోబేసిస్24.8*’ అనే రెండు పేర్లూ కోట్స్‌లో ఇవ్వాలి. రెండోదాన్ని మరిచిపోతే అసలు బరువంతా డిస్క్‌లోనే ఉండిపోతుంది. వెర్షన్ అంకె లేకుండా ‘లిబ్రెఆఫీస్*’ అని ఇస్తే మాత్రం డిస్ట్రో కాపీ కూడా పోతుంది.

స్నాప్, యాప్‌ఇమేజ్

స్నాప్ ఉబుంటులో ముందే సిద్ధంగా ఉంటుంది కాబట్టి ‘సుడో స్నాప్ ఇన్‌స్టాల్ లిబ్రెఆఫీస్’ ఒక్కటి చాలు. మొదటిసారి తెరుచుకోవడం నెమ్మది. యూఎస్‌బీలో ఉన్న ఫైళ్లు తెరుచుకోకపోతే ‘సుడో స్నాప్ కనెక్ట్ లిబ్రెఆఫీస్:రిమూవబుల్-మీడియా’ ఇవ్వాలి. ఆ అనుమతి డిఫాల్ట్‌గా ఉండదు. చుక్కతో మొదలయ్యే దాచిన ఫోల్డర్లలోని ఫైళ్లు ఇది ఎలాగూ చూడలేదు.

యాప్‌ఇమేజ్ అడ్మిన్ పాస్‌వర్డ్ లేని మెషీన్‌లో పనికొస్తుంది. ఫైలును దించి ‘సీహెచ్‌మోడ్ +ఎక్స్’ ఇచ్చి నడపడమే. ‘లిబ్‌ఫ్యూజ్.ఎస్ఓ.2 దొరకలేదు’ అంటే, ఉబుంటు 22.04 నుంచి అది డిఫాల్ట్‌గా రావడం లేదన్నది కారణం. 22.04లో ‘లిబ్‌ఫ్యూజ్2’, 24.04లో ‘లిబ్‌ఫ్యూజ్2టీ64’ వేయాలి. ఇన్‌స్టాల్ చేసే హక్కు లేకపోతే ఫైలు పేరు పక్కన ‘--యాప్‌ఇమేజ్-ఎక్స్‌ట్రాక్ట్’ ఇచ్చి, విప్పిన ఫోల్డర్‌లోని యాప్‌రన్‌ను (ఏ, ఆర్ పెద్ద అక్షరాలు) నడపవచ్చు. పెన్‌డ్రైవ్ మీది నుంచి నడిపితే అనుమతి లేదంటుందా? ఆ డ్రైవ్ నోఎగ్జెక్‌తో (ప్రోగ్రాములను నడపనివ్వని సెట్టింగ్‌తో) మౌంటయి ఉంటుంది. ఫైలును హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి.

లిబ్రెఆఫీస్ కాకుండా వేరేది కావాలంటే

రోజూ డాక్స్, ఎక్స్ఎల్ఎస్ఎక్స్ ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునేవాళ్లు ఓన్లీఆఫీస్ డెస్క్‌టాప్ ఎడిటర్స్ పరీక్షించాలి. అది ఆ ఫార్మాట్లనే తన సొంత ఫార్మాట్‌గా వాడుతుంది. దాని డెబ్ ఫైలును ‘సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ ./’ తర్వాత ఫైలు పేరుతో వేయండి. చుక్క, స్లాష్ లేకపోతే ఏపీటీ దాన్ని రిపాజిటరీలో వెతికి దొరకలేదంటుంది. చివర్లో ‘_ఏపీటీ యూజర్‌కు ఫైలు అందలేదు’ అనే నోటీస్ వస్తే పట్టించుకోనక్కర్లేదు, ఇన్‌స్టలేషన్ అయిపోయినట్టే. డబ్ల్యూపీఎస్ ఆఫీస్ క్లోజ్డ్ సోర్స్. మొదటిసారి తెరవగానే సింబల్, వింగ్‌డింగ్స్ లాంటి ఫాంట్లు లేవని హెచ్చరిస్తుంది. ఆ ఫాంట్లు లేకుండా గణిత సూత్రాల్లో గుర్తులు సరిగ్గా కనిపించకపోవచ్చు.

అపాచీ ఓపెన్‌ఆఫీస్‌ను కొత్తగా ఎంచుకోవడానికి మాకు ఏ కారణమూ కనిపించదు. 2010లో దాని మూలం నుంచే లిబ్రెఆఫీస్ విడిపోయింది, అభివృద్ధి ప్రధానంగా ఇటే సాగింది. పైగా దాని మెనూ ప్యాకేజీ ‘యూఎస్ఆర్, బిన్’లో ఎస్ఆఫీస్ అనే ఫైలు పెట్టబోతుంది. లిబ్రెఆఫీస్-కామన్ ప్యాకేజీ అదే ఫైలును ముందే పెట్టి ఉంటుంది కాబట్టి డీపీకేజీ ‘ఓవర్‌రైట్ చేయలేను’ అని ఆపేస్తుంది. డిస్ట్రో లిబ్రెఆఫీస్‌ను తీసేస్తే తప్ప ఆ రెండూ పొసగవు.

ఇన్‌స్టాల్ అయినా సరిగ్గా నడవకపోతే

లోగో వచ్చి మాయమవుతున్నా, తెరవగానే క్రాష్ అవుతున్నా సూట్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం దండగ. లోపం చాలాసార్లు యూజర్ ప్రొఫైల్‌లో ఉంటుంది, రీఇన్‌స్టాల్ దాన్ని ముట్టుకోదు. ‘ఎస్ఆఫీస్ --సేఫ్-మోడ్’తో తెరిచి చూడండి. తెరుచుకుంటే అక్కడే ఎక్స్‌టెన్షన్లు ఆపడం, హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ తీసేయడం, ప్రొఫైల్‌ను ఫ్యాక్టరీ సెట్టింగులకు మార్చడం కుదురుతుంది. లేదా ప్రొఫైల్ ఫోల్డర్ పేరు మార్చండి, చెరపకండి. మీరు చేర్చిన పదాలు, టెంప్లేట్లు, మాక్రోలు అందులోనే ఉంటాయి. ఫ్లాట్‌పాక్‌కు ఆ ఫోల్డర్ హోమ్‌లో .వార్ కింద యాప్‌లో, స్నాప్‌కు హోమ్‌లోని స్నాప్ ఫోల్డర్‌లో ఉంటుంది. ఒక దారి నుంచి ఇంకో దారికి మారినప్పుడు సెట్టింగులన్నీ పోయినట్టు కనిపించేది ఇందుకే.

సేఫ్ మోడ్‌లో కూడా తెరుచుకోకపోతే ‘ఎస్ఏఎల్_యూజ్_వీసీఎల్‌ప్లగిన్=జెన్ ఎస్ఆఫీస్’ ఇవ్వండి. సమాన గుర్తుకు ముందున్నదంతా పెద్ద అక్షరాలు. అలా తెరుచుకుంటే దోషం డెస్క్‌టాప్‌తో కలిపే జీటీకే లేదా క్యూటీ ప్యాకేజీలో ఉన్నట్టు.

పేజీలు చెదిరిపోవడం, లైన్లు మారిపోవడం ఇన్‌స్టలేషన్ లోపంలా అనిపిస్తుంది కానీ అది ఫాంట్ల పని. క్యాలిబ్రికి కొలతలు సరిపోయేది కార్లిటో, కేంబ్రియాకు క్యాలడియా, ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్‌లకు లిబరేషన్ ఫాంట్లు. ఈ మూడూ వేస్తే చాలా డాక్యుమెంట్లు కుదుటపడతాయి. ‘టీటీఎఫ్-ఎంఎస్‌కోర్‌ఫాంట్స్-ఇన్‌స్టాలర్’ వేసేవాళ్లకు లైసెన్స్ స్క్రీన్ దగ్గర ఎంటర్ పనిచేయదు. ముందు ట్యాబ్ నొక్కి ఓకే మీదికి వెళ్లాలి. తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనిపిస్తే నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంటు వేసి, ఆప్షన్స్‌లో భాషల పేజీలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కు తెలుగు ఎంచుకోవాలి.

సర్వర్‌లో పీడీఎఫ్ మార్పిడి కోసమే అయితే

తెర అక్కర్లేని చోట డెబియన్ కుటుంబంలో ‘సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ --నో-ఇన్‌స్టాల్-రికమెండ్స్ లిబ్రెఆఫీస్-నోజీయూఐ’ సరిపోతుంది. మార్పిడికి ‘ఎస్ఆఫీస్ --హెడ్‌లెస్ --కన్వర్ట్-టు పీడీఎఫ్’ తర్వాత ఫైలు పేరు. ఏ ఎర్రరూ చూపించకుండా పీడీఎఫ్ రాకపోతే అదే ప్రొఫైల్‌తో ఇంకో ఎస్ఆఫీస్ నడుస్తోందేమో చూడండి. ఒకేసారి పలు ఫైళ్లు మార్చాల్సి వస్తే, పైన చెప్పిన యూజర్‌ఇన్‌స్టలేషన్ ఆప్షన్‌తో ప్రతి ప్రాసెస్‌కూ విడి ఫోల్డర్ ఇవ్వాలి. వెబ్ సర్వర్ యూజర్ కింద నడిపేటప్పుడు ఆ యూజర్‌కు రాయదగిన హోమ్ ఫోల్డర్ ఉండకపోవచ్చు. అప్పుడు ప్రొఫైల్ తయారుకాక ప్రోగ్రామ్ ఆగిపోతుంది. దానికీ ఇదే ఆప్షన్, ఫోల్డర్ మాత్రం ఆ యూజర్ రాయగలిగే చోట ఉండాలి.